సంఘం బయటి మనిషి

పోయిన వారం జయమణి తోట ఆఫీసు మెట్లు దిగుతుండగా ఆగాం. తోట మేనేజరు పెద్దదొర ఆమె ముందు ఒక బేరం పెట్టాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. తలగుడ్డ సర్దుకుని ఎండలోకి నడిచింది.

ఆ బేరం ఎక్కడ మొదలైందో కొంచెం గుర్తు చేసుకుందాం. మలాయాలో సుంగై సుమున్ దగ్గరి ఈ కొబ్బరి తోటలో కూలీల సంఘం ఆ ఏడాది మొదట్లో కంపెనీతో ఒప్పందం చేసుకుని రోజు కూలి పెంచింది. పెరిగిన కూలి సంఘంలో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకేలా అందింది. లేనివాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఎక్కువమంది ఎండుకొబ్బరి బట్టీలో పనిచేసే ఆడవాళ్లు, వాళ్ల తరఫున నోరు విప్పేది జయమణి. నెలనెలా చందా కట్టేవాళ్లకి ఇది కంటగింపయింది. మేం కట్టిన డబ్బుతో సంఘం నడుస్తుంటే లాభం మాత్రం అందరికీనా అని శాఖ కార్యదర్శి రామదాసు మీద పడ్డారు. రామదాసు జయమణికి సొంత మరిది. వాళ్ల ఒత్తిడి తట్టుకోలేక, సంఘంలో లేనివాళ్ల కూలిలోంచి కూడా చందా కోయమని ఆఫీసులో చెప్పాడు. వాళ్లంతా ఒప్పుకున్నారని చెప్పాడు. నిజానికి ఎవరినీ అడగలేదు.

పెద్దదొర మారుమాట్లాడకుండా కోయించాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో తర్వాత తెలిసింది. బలవంతపు వసూలు జరుగుతోందని బట్టీ ఆడవాళ్ల పేరు మీద తెలుక్ ఆన్సన్ లేబర్ ఆఫీసుకి ఫిర్యాదు వెళ్లింది. ఫిర్యాదు పంపించిన సంగతి ఆ ఆడవాళ్లకే తెలియదు.

పెద్దదొర బేరం ఇదీ. విచారణలో జయమణి నిలబడి, చందా కట్టకపోతే లయంలో, అంటే కూలీల ఇళ్ల వరసలో, బతకనివ్వనని రామదాసు తనని బెదిరించాడని చెప్పాలి. చెబితే ఆమె భర్త కాంతయ్యని తిరిగి మలాయాకి రానివ్వమని పెద్దదొర స్వయంగా ప్రభుత్వానికి రాస్తాడు.

కాంతయ్యని పట్టుకుపోయింది నలభై ఎనిమిదిలో, కమ్యూనిస్టుల తిరుగుబాటని మలాయా సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది. అప్పటి సంఘంలో అతని పేరు ఉంది. ఆ సంఘాన్ని సర్కారు మూయించింది, పేరున్న వాళ్లని లారీలు ఎక్కించింది. కొన్నాళ్లు శిబిరంలో ఉంచి, పుట్టింది ఇండియాలో కనుక ఓడెక్కించి పంపేశారు. నువ్వు అక్కడే అమ్మని చూసుకుంటూ ఉండు, నేనే వస్తాను అని కబురు చేశాడు. ఆ తర్వాత భీమిలిలో పడవల దగ్గర పని చేస్తున్నాడని ఎవరో ఒకరు చెబుతుండేవారు. రామదాసు ఈ తోట లయంలోనే పుట్టాడు. అందుకని అతన్ని ఎక్కడికీ పంపలేరు. కాని జైల్లో పెట్టగలరు. ఆగస్టులో మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోందని అందరూ చెప్పుకుంటున్నా ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు. లయాల చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర తుపాకుల పోలీసులు అలాగే ఉన్నారు. సంఘం మనిషి బెదిరించాడన్న మాట చాలు, తర్వాతి ప్రశ్నలు పోలీసులే అడుగుతారు.

అన్నదమ్ముల్లో ఒకణ్ణి తెచ్చుకోవాలంటే రెండోవాణ్ణి అప్పగించాలి. పెద్దదొర ఆ మాట ఇలా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

*

జయమణి ఇంటికి వచ్చేసరికి అత్త అప్పలమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేప తలలు తీస్తోంది. కాంతయ్యకీ రామదాసుకీ తల్లి ఆమె. పెద్దకొడుకుని ఓడెక్కించిన దగ్గర్నించి కోడలి దగ్గరే ఉంటోంది. చిన్నకొడుకు రమ్మన్నా వెళ్లలేదు.

జయమణి దాచకుండా అంతా చెప్పింది. అప్పలమ్మ చేతిలోని చేపని చివరిదాకా ఒలిచి పళ్లెంలో పెట్టింది.

"నన్నడక్కు," అంది. "నాను సెప్తే ఇద్దర్లో ఒకడికి తల్లిని కాకుండా పోతాను. నువ్వే సూసుకో."

ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఆ సాయంత్రం మాత్రం ఎప్పుడూ లేనిది రెండోసారి అన్నం పెట్టించుకుని, అది తినకుండా పక్కన పెట్టింది.

దీపాలు పెట్టే వేళకి రామదాసు వచ్చాడు. లయంలో ఏ మాటా దాగదు. దొర జయమణిని పిలిపించాడని తెలిసింది, ఎందుకో ఊహించడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. ముప్పై దాటిన మనిషి, గెడతో కాయలు దింపే పనిలో భుజాలు గట్టిపడ్డవాడు, వదిన గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"లోపలికి రాయేటి," అంది జయమణి.

"ఇక్కడే ఉంటాను వదినా. నువ్వేటి సెప్పబోతావో అడగడానికి రాలేదు."

"మరెందుకొచ్చినావు?"

"ఒక్క మాట అడుగుదారని. కూలి పెరిగింది కదా. నువ్వూ తీసుకున్నావు కదా. కంపెనీ వోళ్లతో నెలల తరబడి కూకుని, కౌలాలంపూర్ తిరిగి, మా వోళ్లు తెచ్చినదే కదా. అందులో కొంచెం ఇమ్మంటే అంత తప్పా?"

"తప్పని నానెప్పుడన్నాను?"

"అనలేదు. సేరమంటే సేరవు. ఇమ్మంటే ఇవ్వవు."

"ఇమ్మని ఎప్పుడడిగినావు రామదాసూ?"

రామదాసు విడిచిన చెప్పుల్ని కాలితో పక్కకి జరిపాడు.

"ఆఫీసుకెల్లి నానొప్పుకున్నానని సెప్పినావు. మీ అన్న పేరు కూడా ఇలాగే ఎవడో సెప్పినాడు, ఈడు మావోడే అని. మంచికే సెప్పుంటాడు. తరవాత ఆ పేరు ఏ సేతికి దొరికిందో నీకు తెలుసు. నా పేరు నా నోట్లోంచే రావాల. ఇంకెవరి నోట్లోంచీ రాకూడదు. అడిగుంటే డబ్బులిచ్చేదాన్నేమో. పేరు మాత్రం ఇవ్వను."

"అన్నప్పటి సంఘం వేరు, ఇది వేరు వదినా. ఇప్పుడు సర్కారే ఒప్పుకున్న సంఘం ఇది లా," అన్నాడు, మలాయాలో పెరిగినవాళ్లు మాట చివర తగిలించే 'లా' కలిపి.

"అప్పుడూ సర్కారు ఒప్పుకున్నదే."

లోపల అప్పలమ్మ దగ్గింది. రామదాసు తల్లి వైపు ఒకసారి చూసి చెప్పులు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"అన్న వొస్తాడంటే నువ్వేటి సెప్పినా నాను తప్పు పట్టను," అన్నాడు.

అతను ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. అది జయమణికి సాయం చేయకపోగా బరువు పెంచింది. తిట్టి వెళ్లుంటే బాగుండేదనుకుంది.

*

విచారణ తోట ఆఫీసులోనే పెట్టారు. లేబర్ ఆఫీసరు మలాయి యువకుడు, ఆ ఉద్యోగానికి కొత్త. అతనితో రావాల్సిన దుబాసీ జ్వరమని రాలేదు. వచ్చినా అతనికి తమిళమే వచ్చు. జయమణి తమిళం ధారాళంగా మాట్లాడగలదు, బజారు మలాయి కూడా వచ్చు. అయినా ఆ రోజు తన మాట తెలుగులోనే చెబుతానంది. తెలుగూ ఇంగ్లీషూ రెండూ తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కడే, తోట ఆఫీసు గుమాస్తా, కిరాణి లారెన్స్. అతని తాత కూడా కూలిగానే ఈ దేశం వచ్చాడు. మిషన్ బడి చదువు లారెన్స్‌ని కుర్చీ ఎక్కించింది. తోట ఇచ్చిన ఇల్లు, పిల్లల బడి, భార్య ఆనీ మందులు, అన్నీ ఆ కుర్చీని పట్టుకునే ఉన్నాయి.

పెద్దదొర కిటికీ పక్కన కూర్చున్నాడు. రామదాసుకీ, సంఘం కమిటీలో గట్టిగా మాట్లాడే లెచ్చుమనన్‌కీ గోడ పక్కన బల్ల వేశారు. బట్టీ ఆడవాళ్లు వరండాలో నిలబడ్డారు. కిటికీ తలుపులు తీసే ఉన్నాయి కనుక వాళ్లకి అన్నీ వినబడుతున్నాయి.

ఆఫీసరు ప్రశ్నలు సూటిగా అడిగాడు. లారెన్స్ ఒక్కొక్కటే తెలుగు చేశాడు.

"నువ్వు సంఘంలో ఉన్నావా?"

"లేను."

"నీ కూలిలోంచి సంఘం డబ్బు కోశారా?"

"కోసినారు."

"కోయమని నువ్వు ఒప్పుకున్నావా?"

"లేదు. నన్నెవరూ అడగలేదు."

రామదాసు తల దించుకున్నాడు. లెచ్చుమనన్ బల్ల మీద కదిలాడు. పెద్దదొర పైపు నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆఫీసరు రాసుకున్నాడు.

"కార్యదర్శి నిన్ను బెదిరించాడా?"

లారెన్స్ ఈ ప్రశ్నని తక్కిన వాటికన్నా మెల్లగా తెలుగు చేశాడు. జయమణి భర్త ముఖం గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించింది. కళ్లు గుర్తొచ్చాయి, గొంతు రాలేదు. గొంతు ఎప్పుడు మరిచిపోయిందో ఆమెకి తెలియదు. దానికి భయమేసింది. అతన్ని తిరిగి తెచ్చుకోవాలన్న కోరిక ఆ భయంతోనే పదింతలైంది. అంత కోరికతోనూ ఆమె నోరు తెరిచి చెప్పింది.

"బెదిరించలేదు."

పెద్దదొరకి ఆ మాట తెలుగులోనే అర్థమైనట్టుంది. లారెన్స్ ఇంగ్లీషు చెప్పకముందే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

ఆఫీసరు తన ముందున్న కాగితం తిప్పి చూశాడు. "ఫిర్యాదులో బెదిరించాడని ఉందే?"

"ఫిరియాదు నాను సెయ్యలేదు. ఆ మాట నాది కాదు. అనమని నాకు సెప్పినారు."

"ఎవరు చెప్పారు?"

జయమణి కిటికీ వైపు చూడలేదు. ఆఫీసరు ముఖం మీదే చూపు పెట్టి నెమ్మదిగా, పూర్తిగా చెప్పింది.

"పెద్దదొర సెప్పినాడు. ఈ గదిలోనే పిలిసి సెప్పినాడు. మరిది బెదిరించినాడని సెప్తే మా ఇంటాయన్ని ఇండియా నించి తెప్పిస్తానన్నాడు. మా ఇంటాయన సంఘంలో పేరుండబట్టి పోయినాడు. ఇప్పుడాయన్ని తెచ్చుకోడానికి ఆయన తమ్ముణ్ణి పంపమంటున్నారు. రామదాసు సేసింది తప్పే. నన్నడక్కుండా నా తరపున ఒప్పుకున్నాడు. ఆ తప్పు రాసుకోండి. సెయ్యని తప్పు రాయకండి."

అందరూ లారెన్స్ వైపు చూశారు.

లారెన్స్ చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తర్వాత ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పాడు. చిన్న వాక్యం. తోటలో ఎవరో తనకి సలహా ఇచ్చారని ఆమె అంటోంది అన్నాడు.

జయమణికి ఇంగ్లీషు రాదు. కాని తాను ఎంతసేపు మాట్లాడిందో తెలుసు.

"కిరాణి అయ్యా," అంది. గొంతు పెంచలేదు. "నాను సెప్పినంత పొడుగు నీ మాట లేదు."

"చెప్పానమ్మా. సారం చెప్పాను."

"సారం వొద్దు. మొత్తం సెప్పు. నీకు భయమైతే భయమని సెప్పు, నాను మలాయిలో నాకొచ్చినట్టు సెప్పుకుంటాను. కాని నువ్వే సెప్తే బాగుంటాది. ఆ రోజు దొర మాట నాకు తెలుగు సేసింది నువ్వే కదా."

ఆఫీసరుకి ఆ సంభాషణ అర్థం కాలేదు. ఏదో మిగిలిపోయిందని మాత్రం తెలిసింది. కలం కింద పెట్టి, "ఆమె అన్నది అన్నట్టు చెప్పండి," అన్నాడు లారెన్స్‌తో.

పెద్దదొర లారెన్స్‌నే చూస్తున్నాడు. పైపు ఆరిపోయింది, వెలిగించుకోలేదు. లారెన్స్ అతని వైపు తిరగలేదు. బల్ల మీదున్న సిరాబుడ్డిని చూస్తూ, పాఠం అప్పజెప్పే పిల్లవాడిలా, జయమణి చెప్పినదంతా ఇంగ్లీషు చేశాడు. పెద్దదొర అన్న చోట పెద్దదొర అన్నాడు. ఈ గదిలోనే అన్న చోట ఈ గదిలోనే అన్నాడు. ఏదీ వదల్లేదు. మధ్యలో ఒకసారి ఆగి, నీళ్లు తాగి, మళ్లీ ఆ వాక్యం మొదటినుంచి చెప్పాడు.

"ఇది అబద్ధం," అన్నాడు పెద్దదొర.

ఆఫీసరు అతనికి జవాబివ్వలేదు. లారెన్స్‌ని అడిగాడు. "ఆ రోజు మీరు గదిలో ఉన్నారా?"

"ఉన్నాను సార్. ఆ మాటలు అనువాదం చేసింది నేనే."

ఆఫీసరు కలం తీసుకుని రాశాడు. చాలాసేపు రాశాడు.

చివరికి తేల్చింది ఇది. అడగకుండా కోసిన చందా ఎవరిది వాళ్లకి తిరిగి ఇవ్వాలి. ఇకమీదట ఒప్పుకోని వాళ్ల కూలి ముట్టుకోకూడదు. కార్యదర్శి అబద్ధపు మాట చెప్పినందుకు హెచ్చరిక. బెదిరింపు జరగలేదు. ఫిర్యాదు ఎలా పుట్టిందన్నది పైవాళ్లకి రాస్తానన్నాడు. పైవాళ్లు ఏం చేస్తారో అతను చెప్పలేదు, అతనికీ తెలిసుండదు.

బయటికి వచ్చాక రామదాసు జయమణి వెనకే నడిచాడు. కొబ్బరి చెట్ల నీడలోకి వచ్చాక పిలిచాడు.

"వదినా. అన్న..."

"ఇంక రాడు," అంది జయమణి. "దొర సేత్తో మట్టుకు రాడు."

"నా కోసం నువ్వు..."

"నీకోసం కాదు. నువ్వు బెదిరించలేదు. అందుకని లేదన్నాను. అంతకు మించి ఏటీ లేదు." రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది. "అమ్మ నిన్నట్నించి తిన్లేదు. వొచ్చి ఆవిడ దగ్గర కూకో."

రామదాసు వెళ్లి కూర్చున్నాడు. అప్పలమ్మ చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏ కొడుకు కోసమో ఎవరూ అడగలేదు. జయమణి బట్టీ పొగ వాసన పోయేలా స్నానం చేసి, పెరట్లో జాకెట్టు ఆరేస్తూ, అక్కడే ఆ బట్టల చాటున కాసేపు నిలబడిపోయింది. లోపలికి వచ్చేటప్పటికి ముఖం కడుక్కునే వచ్చింది.

*

కథ అక్కడితో తీరితే బాగుండేది. పెద్దదొర ఊరుకునే మనిషి కాదు.

వారం తిరక్కముందే, తెల్లవారుతుండగా పనివాళ్లని లెక్కపెట్టే మైదానంలో అందరూ చేరారు. ఒక పక్కన మగవాళ్లు గెడలు నిలబెట్టుకుని ఉన్నారు. ఒక్కొక్క గెడా చెట్టంత పొడుగు, కొసన కొడవలి. మంచులో ఆ గెడలు దడి కట్టినట్టు కనిపించాయి. ఇంకో పక్కన బట్టీ ఆడవాళ్లు. లారెన్స్ తన బల్ల దగ్గర లేడు. ముందురోజే అతన్ని కుర్చీలోంచి లేపి, బట్టీ దగ్గర తూకాలు చూడమని పంపేశారు. ఇల్లు ఖాళీ చెయ్యాలో అక్కర్లేదో ఇంకా చెప్పలేదు.

కంగాణి రెంగసామి ముందుకొచ్చాడు. పనివాళ్లని పురమాయించే పెద్ద అతను. దొర చెప్పమన్నది చెబుతున్నాను, నన్ననకండి అని మొదలుపెట్టాడు.

"కూలి ఒప్పందం కంపెనీకీ సంఘానికీ మధ్య జరిగింది. సంఘంలో లేనోళ్లు మాకు సంఘంతో సంబంధం లేదని లేబర్ ఆఫీసరు ముందరే సెప్పినారు. సంబంధం లేనప్పుడు ఒప్పందమూ లేదు. ఈ రోజు నించి సంఘంలో లేనోళ్లకి పాత కూలే."

ఆడవాళ్లలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె జయమణి వైపు తిరిగి, "అక్కా, ఇదేటే?" అంది. తాను చెప్పిన నిజాన్నే తిప్పి తన వాళ్ల మీదికి విసిరారు. అది జయమణికి అర్థమైంది.

మగవాళ్లలో నవ్వులు వినిపించాయి. గట్టిగా కాదు, కాని వినిపించాయి.

"మంచిదే అయ్యింది," అన్నాడు లెచ్చుమనన్ రామదాసు చెవి దగ్గర. చెవి దగ్గరన్న పేరే గాని, చుట్టుపక్కల అందరూ విన్నారు. "మనం నోరిప్పక్కర్లేదు. నెల తిరిగేసరికి అందరూ వొచ్చి సేరతారు సూడు. దొరే మనకి మనుషుల్ని సేర్పిస్తన్నాడు లా."

రామదాసు కూడా మొదట అదే అనుకున్నాడు. అలా అనుకోవడం సహజం. సంఘం చేరమని ఇంటింటికీ తిరిగి అలిసినవాడు. ఒక్క క్షణం అతనికి తేలిగ్గా అనిపించింది. తర్వాత అతని చూపు రెంగసామి మీదికి వెళ్లింది. రెంగసామి ఆ రోజు పనికి పేర్లు పిలుస్తున్నాడు. ముందు సంఘంలో లేని బట్టీ ఆడవాళ్లవి పిలిచాడు, అందరివీ, ఒక్కరినీ వదలకుండా. సంఘంలో ఉన్న బట్టీ ఆడవాళ్ల పేర్లు వచ్చేసరికి, ఈ రోజు కాయ తక్కువ, మీకు పని లేదు, ఇంటికెళ్లండి అన్నాడు.

రామదాసు లెచ్చుమనన్ వైపు తిరిగాడు.

"విన్నావా?"

"ఏటి?"

"పాత కూలికి మనిషి దొరుకుతుంటే కొత్త కూలికి నిన్నెవడు పిలుస్తాడు? ఈ రోజు బట్టీలో. రేపు గెడ పట్టినోళ్లలో. మనకి కూలి పెంచిన కాయితం అలాగే ఉంటాది, పని ఉండదు. పని మానేసైనా దీన్ని ఆపాల."

"అది రేపటి మాట. ఆళ్ల కోసం మనం పని ఆపాలా? సందా కట్టినోళ్లకే సంఘం. ఒక్క నెలైనా కట్టలేదు ఆళ్లు. నీ మీద సాక్షికి కూడా నిలబడ్డారు."

"నా మీద నిజం సెప్పినారు."

"కంచె దగ్గర పోలీసోళ్లున్నారు రామదాసూ. పని ఆపితే ఏ పేరు పెడతారో తెలుసు కదా. మీ అన్నకి ఏ పేరు పెట్టినారో మరిసిపోయినావా?"

రామదాసు మరిచిపోలేదు. బట్టీ ఆడవాళ్ల వైపు చూశాడు. జయమణి ఆడవాళ్ల ముందు నిలబడి ఉంది. ఆమె అతన్ని ఏమీ అడగలేదు. చేత్తో సైగ కూడా చెయ్యలేదు. బట్టీ వైపు వెళ్లడానికి అప్పటికే ఒక అడుగు వేసింది. పాత కూలికైనా వెళ్లి పని చేసుకుంటుంది, ఇంట్లో ముసలావిడ ఉంది, అంతే. అది ఆమె నడకలో కనిపించింది.

రామదాసు తన గెడని రెండు చేతులతో పట్టుకుని, కొడవలి ఎవరికీ తగలకుండా, మెల్లగా ఒరిగించి నేల మీద పడుకోబెట్టాడు.

"అందరికీ ఒక్క కూలి ఇచ్చేదాకా నాను సెట్టు ముట్టను," అన్నాడు. "సంఘం మాట కాదు. నా మాట. ఇంకెవరి పేరూ నాను సెప్పను. ఎవరి మాట ఆళ్లే సెప్పుకోండి."

అతని వెనక గెడలన్నీ అలాగే నిలబడి ఉన్నాయి.

జయమణి ఆగిపోయింది.

గేటు దగ్గర పోలీసు ఒకడు తుపాకీ భుజానికి తగిలించుకుని ఇటు నడవడం మొదలుపెట్టాడు. రెంగసామి గొంతు తగ్గించి, "తీసుకోరా రామదాసూ, గెడ తీసుకో, ఆడొచ్చేలోగా తీసుకో," అని బతిమాలాడు. రామదాసు వంగలేదు.

అప్పుడు లెచ్చుమనన్ చేతిలోని గెడ కదిలింది. కొసన కొడవలి మంచులో ఒక్కసారి మెరిసింది. అతను దాన్ని పనికి వెళ్లడానికి భుజానికెత్తుకుంటున్నాడో, కిందికి దించుతున్నాడో, జయమణి నిలబడ్డ చోటి నుంచి తెలియలేదు.